సాక్ష్యానికి వెళ్ళిన తువ్వాలు

ఈ మధ్య తువ్వాళ్ళు నీళ్ళు పీల్చడం మానేశాయి. చూడ్డానికి మెత్తగా, బొద్దుగా, కుందేలు పిల్లల్లా ఉంటాయి. ఒంటి మీది తడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మర్యాదగా చేరవేస్తాయి, అంతకు మించి బాధ్యత తీసుకోవు. మొన్న ఒకటి కొంటే, దాంతో తుడుచుకున్నాక మళ్ళీ లుంగీతో తుడుచుకోవాల్సి వచ్చింది. షాపులో ఈ మాటంటే, "నాలుగు ఉతుకులు పడాలి సార్, అప్పుడు దారికొస్తది" అన్నాడు. మనుషుల గురించి మా నాన్న కూడా ఇదే అనేవాడు.

నాకు ఒకప్పుడు మంచి తువ్వాలుండేది. కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్నది. ఎర్రటిది, అంచున రెండు పసుపు గీతలు. మొదటి ఉతుకులోనే సగం రంగు వదిలి, మిగతా సగంతో నిజాయితీగా పనిచేసేది. దాన్ని సర్కారువారు రెండున్నరేళ్ళు తమ దగ్గర పెట్టుకున్నారు. రాజద్రోహం కేసులో.

ముద్దాయిని నేను కాదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు కొంచెం వెలితిగానే ఉంటుంది.

ముద్దాయి నా స్నేహితుడు. నరసరావుపేటలో మా ఇళ్ళు ఎదురెదురు. నేను ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. అతను బొల్లాపల్లి అవతల ఒక పల్లెలో ప్రభుత్వ బడి పంతులు. పొద్దుటి బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు, వచ్చేటప్పుడు ఆ పల్లె దుమ్ము మూడొంతులు వెంట తెచ్చేవాడు. ఇద్దరం రాసేవాళ్ళం. నాది హాస్యం, అతనిది ఆగ్రహం. హాస్యానికి పాఠకులు ఎక్కువంటారు గానీ మా సందులో ఆ సూత్రం పనిచెయ్యలేదు. అతను రాసింది రిక్షావాళ్ళు కూడా చదివించుకుని వినేవాళ్ళు. నేను నా వ్యాసాలు పుస్తకంగా వేసి ఊరంతా పంచిపెట్టాను. చదివామని చెప్పినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకడికి నా పేపర్లో మార్కులు కావాలి.

అతనికీ ఒక కాపీ ఇచ్చాను, లోపల నాలుగు వాక్యాలు రాసి, సంతకం చేసి. వాళ్ళావిడ జాకెట్లు కుట్టేది. ఆ కుట్టుమిషను కాలు ఒకటి పొట్టిదై, తొక్కినప్పుడల్లా మిషను టకటక ఊగేది. మరుసటి వారం వాళ్ళింటికి వెళితే ఊగడం మానేసింది. వంగి చూశాను. కాలి కింద నా పుస్తకం.

"సరిగ్గా సరిపోయింది అన్నయ్యా. కొలతిచ్చి చేయించినట్టుంది" అంది ఆవిడ.

ఆవిడ మాటల్లో ఎత్తిపొడుపు ఉండేది కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేది. అదే ఇబ్బంది.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం అతను నన్ను తన పల్లెకు తీసుకెళ్ళాడు. కాలువ చివరి భూములు. కాలువైతే తవ్వారు, నీళ్ళు మాత్రం పైనే ఎక్కడో ఆగిపోయేవి. ఇద్దరం ఎండిన తూము మీద కూర్చుని ఉండగా, కాలువ తనిఖీకి వచ్చిన జీపు ఒకటి ఆగకుండా దూసుకుపోయింది. దాని వెనక లేచిన దుమ్ములో కాసేపు ఒకళ్ళకొకళ్ళం కనపడలేదు. దుమ్ము అణిగాక నేను భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటూ అన్నాను.

"సర్కారంటే మనకు తెలిసింది జీపు వెనక దుమ్మేరా. దాన్ని దులుపుకోవడానికి తువ్వాలు చాలు."

అతను నవ్వలేదు. జేబులోంచి బస్సు టికెట్టు తీసి దాని వెనక పెన్సిలుతో ఏదో గీకాడు. నేనన్న మాటకు నవ్వకుండా రాసుకున్న మొదటి మనిషి అతనే. అప్పుడే అనుమానపడాల్సింది. సాయంత్రం నరసరావుపేట తిరిగొచ్చి, వాళ్ళింటి దొడ్లో కాళ్ళూ మొహం కడుక్కుని, తువ్వాలు తడిపి దండెం మీద ఆరేసి, మర్చిపోయి ఇంటికెళ్ళాను. ఎదురిల్లేగదా అని తర్వాత కూడా తెచ్చుకోలేదు, అది ఆ దండెం మీదే ఉండిపోయింది.

రెండు నెలలకు అతని పుస్తకం వచ్చింది. పల్చటిది, కుట్టు కూడా లేదు, రెండు పిన్నులు. చివరి భూముల గురించి, కాలువ గురించి, బడికి రాని పిల్లల గురించి. రచయిత పేరుండాల్సిన చోట "ఒక పల్లె పంతులు" అని ఉంది. ఉద్యోగం ఉందిగదా మరి. అయినా ఆ పంతులెవరో నరసరావుపేటలో తెలియనిది ఒక్క పోలీసులకే, అది కూడా కొన్నాళ్ళు. పదకొండో పేజీలో, పైనా కిందా ఖాళీ వదిలి, ఒంటరిగా రెండు వాక్యాలు:

"సర్కారంటే మాకు తెలిసింది జీపు వెనక దుమ్ము. దాన్ని దులుపుకోవడానికి ఎర్ర తువ్వాలు చాలు."

'మనకు' తీసి 'మాకు' పెట్టాడు. 'ఎర్ర' చేర్చాడు. తువ్వాలు ఎర్రదే కాబట్టి అబద్ధం అనడానికీ లేదు. నేను ఆ పేజీ అతని ముందే రెండుసార్లు పైకి చదివాను.

"ఎట్టుందిరా?" అన్నాడు.

"పదకొండో పేజీ బాగుంది."

"అందరూ అదే అంటున్నారు" అన్నాడు. అంతే.

వాక్యం ఊళ్ళోకి పోయింది. నేను రాసిన వాక్యాలు ఎప్పుడూ గడప దాటలేదు గనక, ఇది నడిచే తీరు నాకు వింతగా ఉండేది. బస్టాండు గోడ మీద కనిపించింది. టీకొట్టులో ఎవరో ఎవరితోనో పోట్లాడుతూ అన్నారు. చివరికి మా కాలేజీ ప్రహరీ మీదే సున్నం మీద జేగురుతో నిలువెత్తు రాశారు. నేను రోజూ దాని పక్కనుంచే సైకిలు నడిపించుకుంటూ పోయేవాణ్ణి, ఒకరి పెళ్ళికి వెళ్ళి తన నగ పెళ్ళికూతురి మెడలో చూసిన మనిషిలాగా. క్లాసులో ఒకడు లేచి అడిగాడు.

"ఆ మాట రాసినాయన మీ ఎదురింటాయనంట గదా సార్?"

"అవును."

"మీరు కూడా ఏదో రాస్తారంట గదా?"

ఆ రోజు వ్యాకరణం చెప్పాను. గంటంతా.

గోడ మీద రాత పోలీసులు కూడా చదివారు. ఒక రోజు పొద్దున తొమ్మిదింటికి ఎదురింటి ముందు జీపు ఆగింది. అంతకు ముందు ఏడాదే కరణాలు, మునసబుల ఉద్యోగాలు తీసేశారు. అప్పటిదాకా ఎక్కడ సోదా జరిగినా, దొరికిన సామాన్లన్నీ వరసగా రాసి పంచనామా కట్టడానికి ఒక కరణం సిద్ధంగా ఉండేవాడు. ఇప్పుడు పోలీసులకు చెయ్యి విరిగినట్టయింది. ఎస్సై సందులోకి చూశాడు. అరుగు మీద పేపరు చదువుతూ నేను కనిపించాను.

"మాస్టారూ, మీ దస్తూరి చానా బాగుంటదంట గదా. వచ్చి రెండు ముక్కలు రాసిపెట్టండి. రెండో సాక్షిగా సోడా కొట్టాయన్ని పిలిచాం, ఆయనది వేలిముద్ర."

నా అక్షరాల గురించి ఊళ్ళో మంచి మాట వినడం అదే మొదలు.

నా స్నేహితుడు వసారాలో స్టూలు మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. కాగితాలతో నన్ను చూసి, "రాయరా, ఎవరో ఒకరు రాయాలిగా. నువ్వైతే తప్పులుండవు" అన్నాడు. అలాంటప్పుడు కూడా తను పెద్దమనసు చూపించడం నాకు నచ్చలేదు.

ట్రంకుపెట్టెలో పుస్తకాలు దొరికాయి. ఎస్సైకి కావాల్సింది చేత్తో రాసిన ప్రతి. పేరు లేని పుస్తకం ఎవరు రాశారో తేలాలంటే అదే ఆధారం.

"రాతప్రతి ఏదమ్మా?" అన్నాడు వాళ్ళావిడతో.

"మొన్న దాంతో నీళ్ళు కాగబెట్టా."

"దేనికి?"

"స్నానానికి."

ఆయన వంగి మిషను కాలి కింది పుస్తకం లాగాడు. మిషను ఒక పక్కకు ఒరిగింది.

"ఇదెవరిది?"

"నాదండి" అన్నాను, కొంచెం ముందుకు జరిగి.

"ప్రభుత్వం గురించి ఏమన్నా ఉందా?"

"మున్సిపాలిటీ పందుల మీద ఒక వ్యాసం ఉందండి."

నిలబడే అర పేజీ చదివాడు. అంత శ్రద్ధగా నన్ను చదివిన పాఠకుణ్ణి నేను మళ్ళీ చూళ్ళేదు. మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత వంగి, పుస్తకాన్ని తీసిన చోటే దూర్చి, మిషను ఊగుతుందో లేదో చేత్తో చూసి, లేచాడు.

ఆ తర్వాతే ట్రంకుపెట్టెలో దొరికిన పుస్తకం ఒకటి తీసుకుని పదకొండో పేజీ తిప్పాడు. అది చదివి, తలెత్తి, దొడ్డివాకిలి గుండా దండెం వైపు చూశాడు. మళ్ళీ పేజీ చూశాడు.

"అదుగో" అన్నాడు.

కానిస్టేబులు నా తువ్వాలు తెచ్చాడు.

"అది..." అన్నాను.

"ఆ, అది ఏందండీ?"

ఇంట్లో అందరూ నా వంక చూస్తున్నారు. గుమ్మంలో వాళ్ళావిడ, స్టూలు మీద అతను, పక్కన వేలికి సిరాతో సోడా కొట్టాయన.

"అది కొంచెం వెలిసింది" అన్నాను.

నిజాయితీగా "రంగు వెలిసిన ఎర్ర తువ్వాలు ఒకటి" అని రాశాను. ఎస్సై నా కలం తీసుకుని మొదటి రెండు మాటలు కొట్టేశాడు. "ఎర్రది అంటే చాలు మాస్టారూ." సెన్సారు అంటే ఏమిటో నాకు అనుభవమైంది ఆ ఒక్కసారే. కింద నా సంతకం పెట్టాను. చాలా బాగా వచ్చింది.

అతన్ని తీసుకెళ్ళారు. స్టేషన్లో రెండు రోజులుంచారు. చట్టం ఒక రోజే అంటుంది గానీ మా స్టేషను గడియారం నిదానం. ఆ తర్వాత సబ్‌జైలు. అన్నీ కలిపి పదకొండు రోజులు. ఆ రోజుల్లో అలాంటి కేసులో స్టేషన్లోకి పోయినవాడు కోర్టులో కనపడితే చాలు, ఇంట్లోవాళ్ళు కొబ్బరికాయ కొట్టేవాళ్ళు.

నేను మొదటి నాలుగు రోజులు జీపు చప్పుడైతే దొడ్లోకి పోయేవాణ్ణి. ఆ మాట ఎవరిదని అడిగితే అతను నా పేరు చెప్తాడేమోనని. అయిదో రోజు నుంచి, నా కోసం ఎవరూ రావడం లేదన్న సంగతి మనసుకు పట్టింది. అది భయం కన్నా కష్టంగా ఉంది.

బెయిలు మీద వదిలిన రోజు జైలు గేటు దగ్గర నూరు మందికి తక్కువ లేరు. దండలు వేశారు. అతను కనీసం చెయ్యెత్తి దణ్ణం కూడా పెట్టలేదు, తలూపి ఊరుకున్నాడు. పదకొండు రోజులకే ఇంత గర్వమా అనుకున్నాను. అతని బట్టల సంచి నా చేతిలో ఉంది.

ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. నేరం రుజువైతే ఉద్యోగం పూర్తిగా పోయి, ఏళ్ళ తరబడి జైలు. ఆ రెండున్నరేళ్ళూ ఇల్లు నడిపింది ఆ కుట్టుమిషను. కాబట్టి ఒక విధంగా నా సాహిత్యం కూడా ఆ ఇంటికి అండగా నిలబడిందనే చెప్పాలి.

ఛార్జిషీటు నకలు నాకు చూపించాడు. పుస్తకంలో మూడు చోట్ల రాజద్రోహం ఉందట. మొట్టమొదట పేర్కొన్నది పదకొండో పేజీ. కింద దాని ఇంగ్లీషు తర్జుమా. 'చాలు' అనే చిన్న మాటకు ఏదో గజం పొడుగు మాట వేశారు. ఇంగ్లీషు చెప్పేవాణ్ణి ఎదురింట్లోనే ఉన్నాను, ఒక్క మాట అడిగితే పోయేది. ఆ కాగితాలు చేతిలో పట్టుకుని లెక్క చూసుకున్నాను. నేరమైన మాట నాది. పట్టుకుపోయిన తువ్వాలు నాది. పట్టుకున్నట్టు రాసిన దస్తూరి నాది. ముద్దాయి మాత్రం అతను.

ఆ ఏడు శివరాత్రికి కోటప్పకొండ వెళితే, ప్రభల కింద జనంలో ఒక గుడ్డల వ్యాపారి ఎర్ర తువ్వాళ్ళు గాల్లో ఆడిస్తూ అరుస్తున్నాడు. "దుమ్ము దులిపే తువ్వాలు, దుమ్ము దులిపే తువ్వాలు!" వేరే రంగువి ఉన్నాయా అని అడిగాను. "ఈసారి ఎవరూ అడగటం లేదండీ, తేలేదు" అన్నాడు. వట్టి చేతుల్తో కొండ దిగాను.

చివరికి నాకూ సమను వచ్చింది. సాక్షిగా. దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని తిరిగాను. వాయిదాకు రెండు వారాలుంది. రోజూ సైకిలు మీద పోతూ, బోనులో నిలబడి నేను చెప్పబోయే మాట మనసులో దిద్దుకునేవాణ్ణి. "అయ్యా, ఆ వాక్యం నాది." మరీ పొడిగా ఉందనిపించేది. "ఒక్క రంగు మినహా" అని చేర్చేవాణ్ణి. ఆ తర్వాత జరగబోయేది ఊహించుకుని, ఇంటికొచ్చేలోగా మొత్తం కొట్టేసేవాణ్ణి.

కోర్టు హాలు నిండిపోయింది. సగం మంది భుజాల మీద ఎర్ర తువ్వాళ్ళు. ప్రాసిక్యూటరు నా పంచనామా చూపించి, ఇది ఎవరి రాత అని అడిగాడు. నాదే అన్నాను. దారం కట్టి లక్క ముద్ర వేసిన తువ్వాలు ఎత్తి పట్టుకున్నాడు. అదేనా అన్నాడు. అదే అన్నాను. పాపం, ఈసారి నిజంగానే వెలిసింది.

తర్వాత ముద్దాయి తరఫు వకీలు లేచాడు. గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన, మెత్తగా మాట్లాడతాడు.

"ఈ తువ్వాలు ముద్దాయిదేనని మీకెవరన్నా చెప్పారా మాస్టారూ?"

"లేదండి."

"ఇంకెవరిదన్నా అయ్యుండొచ్చు?"

"అయ్యుండొచ్చండి."

"మంచిది. పదకొండో పేజీలో ఉన్న ఈ మాట ఎవరిదో మీకు తెలుసా?"

రెండు వారాలు నేను ఎదురుచూసిన ప్రశ్న. అతనిదంటే అతను జైలుకు పోతాడు. నాదంటే అతని పక్కన ఇంకో స్టూలు వేస్తారు. ముద్దాయి బోనులో అతను తల వంచుకుని తన కాళ్ళ వంక చూసుకుంటున్నాడు. ఒక్కసారి నా వైపు చూసుంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు. అలా అనుకుంటే సుఖంగా ఉంటుంది.

"తెలియదండి" అన్నాను.

జడ్జిగారు ఆ మాట ఇంగ్లీషులో చెబుతుంటే టైపిస్టు కొట్టాడు. నా నోట పుట్టిన ఒకే ఒక్క మంచి వాక్యాన్ని నేనెరగనని సర్కారు ఖర్చుతో టైపు చేయించి, కింద సంతకం పెట్టాను. బయటికొస్తే ఎవరో టీ చేతిలో పెట్టారు. "స్నేహితుడంటే అట్టుండాల. పోలీసు సాక్షి అయ్యుండి నిలబడ్డాడు" అన్నారు. భయం, అసూయ, స్నేహం, మూడూ కలిసి ఒకే సమాధానం చెప్పడం వల్ల, అందులో నాకు మెచ్చుకోలు ఏ భాగానికి దక్కిందో తేల్చుకోలేక టీ తాగాను.

కేసు కొట్టేశారు. ఇలాంటి కేసు పెట్టడానికి ప్రభుత్వం ముందుగా ఇవ్వాల్సిన అనుమతి కాగితం సరిగ్గా లేదన్నారు. పుస్తకం ముద్దాయే రాశాడని రుజువు కాలేదన్నారు. అతనికి మళ్ళీ ఉద్యోగం ఇచ్చారు. టౌనుహాల్లో సభ పెట్టారు. ఒక వక్త ఆ రెండు వాక్యాలూ చదివి, అతని వైపు తిరిగి, ఇలాంటి మాట ఎలా పుట్టిందో చెప్పమని అడిగాడు. నేను కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాను.

"అది నాది కాదండి" అన్నాడు అతను. "జనం అనుకుంటుంటే విన్నాను."

హాలంతా చప్పట్లు. ఆ జనం నాలుగో వరసలో, ఫ్యాను గాలి అందని చోట కూర్చుని ఉన్నారు. వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

కొన్ని వారాల తర్వాత కోర్టు నుంచి తువ్వాలు తిరిగొచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం, అతను బడికి పోయి ఉన్నప్పుడు, వాళ్ళావిడ వసారాలోంచి నన్ను పిలిచింది. ఉతికి మడత పెట్టిన తువ్వాలు చేతిలో పెట్టింది. మూలన ఇంకా కొంచెం లక్క అంటుకుని ఉంది.

"నీదే గదా అన్నయ్యా. తీసుకుపో."

"నాదని నీకెట్టా తెలుసమ్మా?"

"ఆ రోజు ఆరేసింది నువ్వేగా" అని వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

తీసుకుని వచ్చేయాల్సింది. కానీ రెండున్నరేళ్ళుగా ఆ మాట గొంతులో ఉంది.

"తువ్వాలే కాదు. ఆ మాట కూడా నాదే" అన్నాను.

ఆవిడ తొక్కుతూనే ఉంది. మిషను ఊగకుండా నడుస్తోంది.

"తెలుసు" అంది. "అది ఎవరన్నారో చెప్పమని స్టేషన్లో రెండు రోజులూ అదే అడిగారంట. జనం అనుకుంటుంటే విన్నానని తప్ప ఇంకోమాట అన్లా. అప్పట్నించి కుడిచెయ్యి భుజం దాటి లేవదు. బోర్డు పైన రాయాలంటే బల్ల ఎక్కుతున్నాడు."

జైలు గేటు దగ్గర దండలు గుర్తొచ్చాయి. ఆవిడ గుడ్డ చివరిదాకా కుట్టి, మిషను ఆపి, దారం పంటితో తెంపింది.

"మాట నీదైతే ఆ పదకొండు రోజులూ నీయే గదా అన్నయ్యా. అప్పుడే వచ్చి తీసుకోవాల్సింది."